వెనక సీటు

తమ్ముడు చక్రధర్‌కి,

బ్యాంకులో తీరిక లేదు, నా బదులు మీరూ వదినా ఆ పెద్ద సెడాన్ నడిపి చూసి చెప్పండి అన్నావు కదా, శనివారం వెళ్ళాం.

కారు మరీ పొడవు. మీ కార్‌పార్క్ మలుపుల్లో తిప్పలేవు. నల్లరంగు ఇక్కడి ఎండకు కాలిపోతుంది. నీకూ మరదలు ఉజ్వలకూ, ఇద్దరికి అంత వెనక సీటు ఎందుకు? చిన్నది చాలు.

ఇంతవరకూ చదివి మీ వదిన, "కళ్ళల్లో నిప్పులు పోసుకోకుండా ఉన్నది ఉన్నట్టు రాయండి" అంది. రాస్తున్నాను.

ఎక్కేముందు తను చెప్పులు షోరూమ్ నేలమీదే విడిచింది, ఎవరింట్లోకో వెళ్తున్నట్టు. నేను గమనించలేదు. వెనక కూర్చున్న ఐదు నిమిషాలకే నిద్రపోయింది. పన్నెండేళ్ళుగా జురాంగ్ ఈస్ట్‌లో ఇంటి నుంచి తువాస్‌లో పనికి రోజూ రైల్లో నిలబడి వెళ్ళే మనిషి. లేపడానికి మనసొప్పక ఇంకో చుట్టు తిప్పాను. తిరిగొచ్చేసరికి సేల్స్ అమ్మాయి ఆ చెప్పులు పట్టుకుని నిలబడి ఉంది. "ఆంటీ, యువర్ స్లిప్పర్స్ లా" అంది ఇక్కడి ఇంగ్లీషు యాసలో, నవ్వుతూ.

కారుకు వంక పెట్టడానికేమీ లేదు. కొనుక్కో. ఆదివారాలు గుడికి మమ్మల్నీ ఎక్కించుకుంటానని మాత్రం అనకు. మీ వదిన వెంటనే సరే అంటుంది.

మీ అన్నయ్య