గ్వెన్నో అక్క పార్కింగ్ కార్డు

కౌంటీ పార్కింగ్ అధికారి మెరెడిత్ గారికి, ప్రభువు శాంతి.

కొత్త నిబంధనల ప్రకారం వికలాంగుల భత్యం మళ్లీ పరిశీలిస్తూ, భత్యం ఆఫీసువాళ్లు "యాభై మీటర్లు నడవగలరామ్మా?" అని మా అక్క గ్వెన్నోను ఫోనులో అడిగారు.

"ప్రభువు తోడుంటే కొండైనా ఎక్కుతా నాయనా!" అంది అక్క.

అది విశ్వాసి సాక్ష్యమండీ, డాక్టరు రిపోర్టు కాదు! భత్యం తగ్గించారు. దాంతోపాటే మా కొండమీది చర్చి గుమ్మం దగ్గర కారు ఆపుకునే కార్డు కూడా మీరు రద్దు చేశారు. మొన్న ఆదివారం ఆరాధన అయ్యేదాకా అక్క కొండ కింద కారులోనే కూర్చుంది.

యేసయ్య పక్షవాయువు గలవాణ్ణి నడవమన్నప్పుడు కాళ్లకు బలం కూడా ఇచ్చాడు. మీరు నడవమని మాత్రమే అన్నారు.

కార్డు తిరిగి ఇచ్చేదాకా బుధవారం ప్రార్థన అక్క కారు పక్కనే జరుపుతాం. ఆ కారు మీ ఆఫీసు కిటికీ కిందే ఆగుతుంది. నా ప్రసంగానికి మైకు అక్కర్లేదని మీకు తెలుసు.

క్రీస్తునందు మీ సహోదరుడు,
కొండమీది చర్చి ప్రసంగీకుడు