చిప్ప వాడిది, చిప్పులు నావి

నేను రేడియోలు, టీవీలు బాగుచేసే సర్వీస్ సెంటర్లో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి రిటైరైన మెకానిక్‌ని. అవివాహితను, వయసు అరవై తొమ్మిది. దర్జీ దుకాణం పైన రెండు గదుల వాటాలో నివాసం. నా తదనంతరం నా ఆస్తి ఎవరికి ఎలా చెందాలో ఈ వీలునామా ద్వారా తెలియజేస్తున్నాను. నా ఊపిరితిత్తులు పాడయ్యాయి గానీ బుద్ధి పాడవలేదు. ఎవరి ప్రేరేపణా, ఒత్తిడీ లేవు. నేను పోయాక "అక్కకి చివర్లో మతి చలించిందండీ" అని నా తమ్ముడు నలుగురిలో అంటాడని తెలుసు కాబట్టి డాక్టరు గారి సర్టిఫికెట్టు జతచేస్తున్నాను. ఆయన నన్ను నూరులోంచి ఏడేసి తీసేస్తూ చెప్పమన్నారు. నేను రెండు దాకా వచ్చి ఆగాను. ఆయన అరవై దగ్గరే తప్పిపోయారు.

1. ఇంతకు మునుపు నేను రాసిన వీలునామా ఇందుమూలంగా రద్దు. తమ్ముడికి కామెర్లు వచ్చిన ఏడాది, వాడి పచ్చటి కళ్ళు చూసి కడుపు తరుక్కుపోయి రాసింది అది. యావదాస్తీ వాడికే రాశాను. తర్వాత వాడి కామెర్లు తగ్గాయి, నా కళ్ళు తెరుచుకున్నాయి.

2. ఈ వీలునామా అమలు బాధ్యత ఎదురింటి వకీలు గారిది. ఆయన ఫీజు నా బ్యాంకు ఖాతాలోంచి చెల్లించుకోవలసినది. ఫీజు కాకుండా, రబ్బరు మీటలున్న నల్ల కంప్యూటరూ, చిట్టడవి ఆట క్యాసెట్టూ, కంప్యూటరుకి తగిలించే చిన్న టీవీ కూడా ఆయనకే చెందాలి. ఆ ఆట క్యాసెట్టు నుంచి కంప్యూటర్లోకి ఎక్కడానికి ఐదు నిమిషాలు పడుతుంది. అంతసేపూ ఆ కీచు చప్పుడు వింటూ, ఫోను చూడకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునే మనిషిని నేను ఆయన్నొక్కరినే చూశాను. ఆరేళ్ళుగా ఆడుతున్నా ఆయన మూడో గది దాటలేదు. వకీలు గారూ, నాలుగో గదికి దారి ఎడమ గోడలో ఉంది. ఇన్నాళ్ళూ చెప్పకపోవడానికి కారణం, చెబితే మీరు పైకి రావడం మానేస్తారేమోనని.

3. మిగతా ఇరవై రెండు కంప్యూటర్లు, నా పని బల్ల, సోల్డరింగ్ ఐరన్, మీటర్లు, డ్రాయర్లలో ఉన్న విడిభాగాలన్నీ నా మేనకోడలికి, అంటే తమ్ముడి కూతురికి, సర్వహక్కులతో చెందాలి. ఇవి టీవీకి తగిలించి వాడుకునే తొలినాటి ఇంటి కంప్యూటర్లు. జనం గదులు ఖాళీ చేసేటప్పుడు పారేస్తుంటే నేను ఒక్కొక్కటే తెచ్చుకుని బాగుచేసుకున్నాను. అన్నీ నా స్వార్జితం, అన్నీ పనిచేస్తాయి. నెలకొకసారి ప్రతిదాన్నీ వెలిగించాలన్నది ఒక్కటే షరతు. అమ్ముకోవాలనిపిస్తే అమ్ముకోవచ్చు.

వెల సంగతి కూడా ఇక్కడే రాస్తాను, పిల్ల మోసపోకుండా. మా పాత కంప్యూటర్ల సేకర్తల సంఘంలో అన్నిటికన్నా ఎక్కువ ధర పెట్టె విప్పని కంప్యూటరుకి. ఎవరూ వాడనిది, ఎవరికీ ఏ రోజూ అక్కరకు రానిది అన్నమాట. తర్వాతి స్థానం 'చెయ్యి పడనిది'కి. ఫ్యాక్టరీ గుమ్మం దాటిన దగ్గర్నుంచి ఒక్క భాగమూ మార్చకుండా, ఇంకా పనిచేస్తున్నదాన్ని అలా అంటారు. ఈ మాట పలికేటప్పుడు సంఘంలో పెద్దవాళ్ళు గొంతు తగ్గిస్తారు. ఆఖరున వచ్చేది 'చెయ్యి పడ్డది'. దాని ధర అందులో నాలుగోవంతు. ఈ వరస విన్న రోజున నా మేనకోడలు అడిగింది: "అత్తా, నలభై ఏళ్ళ సామాను ఎవరి చెయ్యీ పడకుండా ఎలా బతికుంటుంది?" సంఘంలో అరవై మంది సభ్యులున్నారు. ఒక్కరికీ ఈ ప్రశ్న తట్టలేదు. కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పిల్లకి తట్టింది. అందుకే ఇవన్నీ దానికి.

4. ఇప్పుడు తాబేలు విషయం. అది నేను ఎవరికీ రాసివ్వలేను, ఎందుకంటే కాగితాల ప్రకారం అది నాది కాదు.

అదీ ఒక కంప్యూటరే. మూత గుండ్రంగా, మధ్యలో ఉబ్బెత్తుగా ఉంటుందని దానికి ఆ పేరు నేనే పెట్టాను. దాన్ని తయారుచేసిన కంపెనీ అమ్మకాలు మొదలవకముందే మూతపడింది. పరీక్షకని చేసినవి రెండు వందలు, ఇప్పుడు ఆచూకీ తెలిసినవి తొమ్మిది. మూసేసిన ఒక టైపు ఇన్‌స్టిట్యూటు సామాన్ల గదిలో ఒకటి ఉందని తెలిసి, నా కుట్టుమిషను అమ్మి కొన్నాను. తెచ్చుకునే రోజు నాకు సెలవు దొరక్క తమ్ముణ్ణి పంపించాను. రసీదు ఎవరి పేరున రాయాలని వాళ్ళడిగితే, "నా పేరునే రాసెయ్యండి, అక్కా నేనూ ఒకటేగా" అన్నాడట. అప్పుడు ఆ మాట విని మురిసిపోయాను. నా తెలివికి ఇంతకన్నా వేరే సర్టిఫికెట్టు అక్కర్లేదు.

అది వచ్చేటప్పటికి చచ్చి ఉంది. బతికించడానికి పదకొండు నెలలు పట్టింది. మేం మెకానిక్కులం ఐసీలంటాం, సంఘంవాళ్ళు చిప్పులంటారు. అందులో పందొమ్మిది పోయాయి. అదే ఏడాది తయారైన చిప్పుల కోసం ఎన్ని చచ్చిన యంత్రాలు విప్పానో లెక్కలేదు. నలభై కాళ్ళున్న చిప్పుని సర్క్యూట్ పలకకి గీత పడకుండా ఊడదీసి, అదే చోట, అంతే సోల్డరింగుతో, పాత మెరుపు పోకుండా ఇంకొకటి కూర్చోబెట్టాలి. చేసిన ప్రతి పనీ రెండు వందల పన్నెండు పేజీల నోటుపుస్తకంలో రాశాను. చివరికొక ఆదివారం పొద్దున్న తెర మీద చిన్న చదరం మిణుకుమిణుకుమంది. ఏడ్చాను. ఆ సమయానికి తమ్ముడు నా వెనక నిలబడి ఉప్మా తింటూ, "తుడిస్తే భలే వెలిగిందక్కా!" అన్నాడు.

వాడికి వాచీల దుకాణం ఉంది. "నాలుగు రోజులు మా షాపు అద్దాల బీరువాలో పెడతానక్కా" అని తాబేలుని పట్టుకెళ్ళాడు. నోటుపుస్తకానికి దారం చుట్టి, నా మార్కు ముడి వేసి, చదువుకోరా అని ఇచ్చాను. ఆ నాలుగు రోజులకి ఇప్పుడు పదిహేడేళ్ళు. పుస్తకం మాత్రం నాలుగేళ్ళకి తిరిగొచ్చింది. నేను వేసిన ముడి వేసినట్టే ఉంది.

ఆ ఏడాదే సంఘం కేటలాగు అచ్చయింది. తాబేలు ఫోటో కింద ఇలా వేశారు: 'చెయ్యి పడనిది. దుమ్ము దులపగానే పనిచేసింది. తుడిచినవారు: యజమాని అక్కగారు.' వాడు అబద్ధమాడి ఉంటే నేను క్షమించేదాన్ని. అబద్ధమాడేవాడికి కనీసం నిజం తెలిసి ఉంటుంది. వీడు మనస్ఫూర్తిగా నమ్మాడు. పదకొండు నెలలు నేను గుడ్డ పట్టుకుని తుడుస్తూ కూర్చున్నానని నమ్మాడు. ఈ పదిహేడేళ్ళలో అది ఆరుసార్లు ఆగిపోయింది. ఆరుసార్లూ నన్ను షాపు వెనక తలుపు నుంచి పిలిపించాడు. ప్రతిసారీ ఒకటే మాట: "ఓసారి తుడిచి పెట్టక్కా."

5. తాబేలు లోంచి నేను ఊడదీసిన పందొమ్మిది చచ్చిన చిప్పులు బిస్కెట్ల రేకు డబ్బాలో ఉన్నాయి. ఒక్కొక్కదాన్నీ కాగితంలో చుట్టి తేదీ వేశాను. ఆ డబ్బా, ఆ నోటుపుస్తకం, రెండూ నా తమ్ముడికి చెందాలి.

ఎందుకో చెబుతాను. తాబేలుని ఒక మ్యూజియం కొంటోంది. చెయ్యి పడనిదన్న ధరకే బేరం కుదిరింది, ఈ ఏడాది చివర చేతులు మారుతుంది. డాక్టరు లెక్క ప్రకారం నేను అంతకు ముందే వెళ్ళిపోతాను. డబ్బు ఇచ్చే ముందు మ్యూజియంవాళ్ళు మూత విప్పి చిప్పులు ఊడదీసి అడుగున చూస్తారు. ఆ కంపెనీ ఇన్‌స్పెక్టరు ప్రతి చిప్పు అడుగునా తెల్ల సిరాతో యంత్రం నంబరు వేసేవాడు. ఈ సంగతి నా పుస్తకం తొమ్మిదో పేజీలోనే ఉంది. ఇప్పుడు తాబేలులో ఉన్న పందొమ్మిది చిప్పుల అడుగున ఏ నంబరూ లేదు. నా డబ్బా, నా పుస్తకం వాడి చేతిలో ఉంటే, ముందే చూపించి "ఇది చెయ్యి పడ్డది, ఆ చెయ్యి మా అక్కది" అని చెప్పుకోవచ్చు. ధర తగ్గినా పరువు దక్కుతుంది. లేకపోతే వాడు అచ్చోసిన మోసగాడు. తాబేలు వాడి దగ్గరుంటే ఏం లాభం, చిప్పులు నా దగ్గర ఉండగా? చివరికి వాడి చేతికొచ్చేది చిప్పే.

ఏ కారణం వల్లనైనా ఈ దఖలు నా తమ్ముడికి చెల్లకపోతే, డబ్బా, పుస్తకం రెండూ సేకర్తల సంఘానికి చెందాలి. వాటిని అమ్మరాదు, అరువివ్వరాదు, తమ్ముడి షాపు ఉన్న వీధిలోకి తీసుకెళ్ళరాదు. నోటుపుస్తకాన్ని వార్షిక సమావేశంలో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, అట్ట మీది ధరతో సహా, పైకి చదవాలి. మధ్యలో టీ ఇవ్వవచ్చు. ఖర్చు నా ఖాతాలోంచి.

6. చదవవలసినది సంఘంలో సామాన్లకి రకం నిర్ణయించే పెద్దమనిషి. అందరూ లెక్కల మాస్టారంటారు. ఆయనే తాబేలుని ఇరవై నిమిషాలు తిరగేసి, "ఒక్క టంకం చుక్కైనా కొత్తది కాదు" అని తేల్చారు. నా పనికి నా జీవితంలో దక్కిన మెప్పు అదొక్కటే, అదీ నేను పని చెయ్యలేదని చెప్పడానికి. "నేను మార్చానండీ" అని ఆ రోజే మొహం మీద చెప్పాను. "అమ్మా, ఆడవాళ్ళకి ఓపిక ఎక్కువ, తుడిచారు, సంతోషం" అన్నారు. ఆయనకి నా భూతద్దం రాస్తున్నాను. ఆయనది మార్చే వేళ దాటిపోయింది.

7. నా మరదలికి, అంటే తమ్ముడి భార్యకి, నా దగ్గరున్న పద్నాలుగు తుడుపుగుడ్డలు, ఉతికి ఇస్త్రీ చేసినవి. షాపుకి అతిథులొచ్చిన రోజు అందరి ముందూ "వదినా, చేతిలో గుడ్డ ఉండగానే ఆ పై అరలు కూడా ఒకసారి తుడిచెయ్యరూ" అన్న మనిషి తను. ఆ రోజు తుడిచాను. ఇక పై అరలు తనే చూసుకోవాలి.

8. కింద దుకాణం దర్జీకి నేను ఏమీ రాయడం లేదు. ఇంటివాళ్ళ తరఫున అద్దె వసూలు చేస్తూ కూడా, పదేళ్ళుగా నా అద్దె పెంచమని వాళ్ళకి చెప్పనివాడు, మెట్ల మీద నా సంచులు మోసేవాడు. అయినా ఏమీ రాయలేదు. కోపగించుకోవద్దు. ఆయన ఈ కాగితానికి మొదటి సాక్షి, సాక్షికి ఏది రాసినా చెల్లదు. ఇవ్వదలచింది బతికుండగానే చేతికిచ్చాను.

9. రెండో సాక్షిగా నా తమ్ముణ్ణే పిలిచాను.

వకీలు గారు కంగారుపడ్డారు. "అమ్మా, మీ తమ్ముడు సాక్షి సంతకం పెడితే ఐదో నిబంధన అతనికి చెల్లదు. తెలిసే చేస్తున్నారా?" అని రెండుసార్లు అడిగారు. తెలిసే చేస్తున్నాను. ఇందులో మోసం ఏమీ లేదు. ఈ కాగితం మొత్తం వాడి చేతికిస్తాను. ఏ వాక్యం మీదా చెయ్యి అడ్డం పెట్టను. కిటికీ పక్కన కుర్చీ వేశాను, వెలుతురు బాగా పడుతుంది. వాడికి వేరే పని ఉంటే రేపు రమ్మంటాను, ఎల్లుండి రమ్మంటాను. నాలుగో నిబంధన దాకా చదివినా చాలు. చదివి నన్ను తిట్టినా సరే, కాగితం విసిరికొట్టినా సరే, నా రాత ఒక్క పేజీ చదివాడన్న మాట మిగులుతుంది. అప్పుడు ఈ వీలునామా ఇక్కడే చింపేసి, డబ్బా, పుస్తకం ఇవాళే వాడి చేతిలో పెట్టి పంపిస్తాను. వకీలు గారి దగ్గర అందుకు వేరే కాగితం సిద్ధంగా ఉంది. వాడు చదవాలని నాకు ఎంత ఉందో రాస్తే ఇది వీలునామాలా ఉండదు.

చదవకుండా సంతకం పెడితే మాత్రం, పెట్టినవాడే అనుభవిస్తాడు. నేను చేతులు దులుపుకుంటున్నాను.

సాక్షులు కాగితం అందుకున్న సమయమూ, సంతకం చేసిన సమయమూ, చదివారో లేదో కూడా తమ చేతిరాతతో వేయాలి.

పైన రాసినదంతా నా ఇష్టప్రకారం రాసి, సాక్షుల ఎదుట సంతకం చేశాను.

2025 మార్చి 11, మంగళవారం, ఉదయం పదిన్నర

(సంతకం)
వీలునామా రాసినవారు, రిటైర్డ్ మెకానిక్

మొదటి సాక్షి: (సంతకం) దర్జీ, కింది దుకాణం
అందుకున్నది: 10.32. సంతకం: 11.05.
చదివారా: చదివానమ్మా. రెండుసార్లు.

రెండో సాక్షి: (సంతకం) తమ్ముడు, వాచీల దుకాణం
అందుకున్నది: 11.06. సంతకం: 11.06.
చదివారా: అక్క రాశాక ఇంక నేను చదివేదేముంది.