గేటుకూ గుమ్మానికీ మధ్య కుందేలు

11 ఫిబ్రవరి 1992

జూబ్లీ హిల్స్ బంగళాలో సీన్ నలభై ఒకటి సగం అయింది. పాప కుందేలు పిల్లను ఎత్తుకుని గేటు దగ్గర నుంచి ఇంటి వైపు పరుగెత్తాలి. గుమ్మంలో నాన్న నిలబడి ఉంటాడు. కుందేల్ని ఆయన చేతుల్లో పెడుతుంది. ఆయన ఏడుస్తాడు. గేటు అయింది. గుమ్మం కాలేదు. నాన్న వేషం కట్టే హీరోగారి డేట్లు మళ్లీ మార్చి నెలాఖరుకేనట. అంటే పాప గేటు నుంచి గుమ్మానికి చేరడానికి నెలా పదిహేను రోజులు పడుతుంది. తెర మీద మూడు సెకన్లు.

అన్నాళ్లూ కుందేల్ని ఎవరు సాకాలి అని మాట వచ్చింది. ప్రొడక్షన్ మేనేజర్ వెంకటేశ్వరరావు నా వైపు చూశాడు. తర్వాత అందరూ నా వైపే చూశారు. ఒక షాటుకీ ఇంకో షాటుకీ తేడా రాకుండా కాపలా కాయడం నా ఉద్యోగం. కంటిన్యూటీ నాది కాబట్టి కుందేలూ నాదే. అట్టపెట్టెలో పెట్టుకుని ప్రొడక్షన్ వ్యానులో మధురానగర్‌లో మా ఇంటికి తెచ్చుకున్నాను.

తెల్లది. ఎడమ చెవి మీద రూపాయి బిళ్లంత బూడిదరంగు మచ్చ. టేపు పెట్టి కొలిచాను. ముక్కు నుంచి తోక దాకా ఎనిమిదిన్నర అంగుళాలు. కంటిన్యూటీ పుస్తకంలో ఎక్కించాను.

12 ఫిబ్రవరి

మా మంజు దానికి బూరె అని పేరు పెట్టింది. బుగ్గలు బూరెల్లా ఉన్నాయట. స్కూలుకి వెళ్లనని పేచీ. మా ఆవిడ రాజ్యలక్ష్మి నాలుగు తగిలించి పంపింది. సాయంత్రం చూస్తే రాజ్యలక్ష్మే దాన్ని ఒళ్లో పెట్టుకుని వీపు నిమురుతోంది.

14 ఫిబ్రవరి

ఈ సినిమాలో తప్పు రాకూడదు. రాసి పెట్టుకుంటున్నాను.

పోయిన సినిమాలో హీరోయిన్ మెట్లెక్కేటప్పుడు ఆకుపచ్చ గాజులు, ఎక్కాక ఎర్ర గాజులు. ప్రివ్యూలో అందరి ముందూ డైరెక్టర్ చలపతిరావు గారు, మా కాశీవిశ్వనాథం కళ్లు ఇంట్లో బీరువాలో పెట్టి షూటింగుకి వస్తాడండీ అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే బావుండదు కదా.

నాకు నలభై రెండు. పద్దెనిమిదేళ్లుగా అసిస్టెంటుని. నా తర్వాత వచ్చినవాళ్లు ఫిల్మ్‌నగర్‌లో స్థలాలు కొన్నారు. ఈసారి కో-డైరెక్టర్ టైటిల్ వేస్తానన్నారు చలపతిరావు గారు. పొరపాట్లు లేకుండా ఉంటే, అని ఒక ముక్క తగిలించారు.

19 ఫిబ్రవరి

పది అంగుళాలు! ఎనిమిది రోజుల్లో అంగుళమున్నర!

ఇంటి ఓనరు నీలమ్మ రోజూ పొద్దున పక్క ఖాళీ ప్లాటులో గరిక కోసుకొచ్చి దీనికి వేస్తోంది. ఎదుగుతోందే అన్నాను. పచ్చిగడ్డి తింటే ఎదగదా సారూ, మా ఊర్ల మేకపిల్లలైతే పదిహేను దినాలల్ల గుర్తువట్టకుంట అయితయి అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పాప చేతిలో గేటు దగ్గర పిల్ల, గుమ్మం దగ్గర పంది. మూడు సెకన్లలో.

డైరెక్టర్ గారికి ఫోన్ చేశాను. సైజు పెరగకూడదు, తిండి తగ్గించు అన్నారు. రేపటి నుంచి గడ్డి బంద్. పొద్దున ఒక బ్రెడ్ ముక్క పాలలో నానబెట్టి, సాయంత్రం ఒక ముక్క. అంతే.

25 ఫిబ్రవరి

పదింబావు. పర్వాలేదు.

3 మార్చి

కొత్తిమీర కాడలు మాయమవుతున్నాయని రాజ్యలక్ష్మి అంటే ఏమో అనుకున్నాను. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తే మంజు గౌను జేబులో కొత్తిమీర కాడలు, ముల్లంగి ఆకులు. మంచం కింద కూర్చుని ఒక్కొక్కటే అందిస్తోంది. అదేమో పరపరా నములుతోంది. చెవి మెలిపెట్టాను. గట్టిగానే. ఇంకోసారి పెడితే దాన్ని ఆఫీసుకి పంపించేస్తానని బెదిరించాను.

మంజు ఏడవలేదు. దానికి ఆకలేస్తోంది నాన్నా అంది.

రాజ్యలక్ష్మి కంచం ముందు పెట్టి మొదలుపెట్టింది. నోరులేని జీవికి కొలిచి పెట్టమన్నాడా ఆ మహానుభావుడు, వాళ్లింట్లో పిల్లలకీ ఇలాగే టేపు పెట్టి పెడతారేంటండీ, ఉసురు తగలదూ అంది. నేను పప్పులో నెయ్యి కలుపుకున్నాను.

9 మార్చి

ఎడమ కన్ను తడిగా ఉంది. తుడిచాను. మళ్లీ తడి.

11 మార్చి

బోరిక్ పౌడరు నీళ్లతో దూది ముంచి తుడుస్తున్నాం. కుడి కన్ను కూడా మొదలైంది.

పదిన్నర అంగుళాలు.

14 మార్చి

రెండు కళ్ల కిందా వెంట్రుకలు అట్ట కట్టాయి. దూదితో లాగితే ఊడి వచ్చాయి. కింద చర్మం ఎర్రగా ఉంది. బ్రెడ్డు నోట్లో పెట్టుకుంటుంది, వదిలేస్తుంది. మళ్లీ పెట్టుకుంటుంది, మళ్లీ వదిలేస్తుంది. చుబుకం కింద కూడా తడి.

సాంబ్రాణి పొగ పడలేదేమో అని రాజ్యలక్ష్మి పూజ దగ్గర ధూపం మానేసింది. నీలమ్మ వచ్చి చూసి, పొయ్యి పొగ కాదు గిగ కాదు, జర కడుపునిండ పెట్టుండ్రి సారూ, కండ్లు అవే సాఫ్ అయితయి అంది. పొగే అయ్యుంటుంది అన్నాను. గాలి మార్పు అన్నాను. ఎండలు ముదిరాయి అన్నాను. అందరి మాటా ఒప్పుకున్నాను, నీలమ్మ మాట తప్ప.

16 మార్చి

ఇది రాయకూడదు. రాస్తున్నాను.

పొద్దున బూరెను కిటికీ దగ్గర పెట్టి కళ్లు తుడుస్తున్నాను. వెలుతురు పక్క నుంచి పడుతోంది. కన్నీటి చుక్క చెంప మీద నిలిచి మెరిసింది. గుమ్మం షాటులో ఇలా ఒక క్లోజప్ పడితే గ్లిజరిన్ అక్కర్లేదు కదా అనిపించింది. జనం చప్పట్లు కొడతారు అనిపించింది. ఒక్క క్షణమే. ఆ క్షణానికి నన్ను చెప్పుతో కొట్టాలి.

19 మార్చి

ఇవాళ పూర్తిగా తినలేదు. మంజు స్కూలు మానేసి పెట్టె పక్కనే కూర్చుంది. పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాను. మంజు కూడా వస్తానంది. తీసుకెళ్లకుండా ఉండాల్సింది.

డాక్టరు లీలాకుమారి అని చిన్నామె. ఇక్కడికి గేదెలూ కుక్కలే వస్తాయండీ, కుందేల్ని కాలేజీ లాబ్‌లో చూడటమే అంటూనే ఓపిగ్గా చూసింది. నేను కళ్లు చూపిస్తుంటే ఆమె నోరు తెరిచింది. టార్చి వేసి నన్ను కూడా చూడమంది. ముందు పళ్లు పొడుగ్గా పెరిగి వంకర తిరిగాయి. కుందేలు పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయట. గడ్డి నమిలితే అరుగుతాయట. నమలడం లేకపోతే పైకీ కిందికీ పెరిగిపోతాయట. కంటి నీళ్లు ముక్కులోకి దిగే సన్న కాలవ ఒకటుంటుందట. పై పళ్ల వేళ్లు పెరిగి దాన్ని నొక్కేశాయట. దిగే దారి లేక బయటికి కారుతున్నాయట.

ఏం పెడుతున్నారు అంది. బ్రెడ్డూ పాలూ అన్నాను. గడ్డి అంది. మా నాన్న వద్దన్నారు అంది మంజు.

డాక్టరు కత్తెర తీసింది. ముందు పళ్లు కత్తిరించింది. బూరె నా చేతుల్లో కొట్టుకుంది. వెనక పళ్లు నాకు అందవండీ, గడ్డి పెట్టి చూడండి, కళ్లకి ఈ మందు వేయండి, ఎండలోకీ లైట్ల వెలుతురులోకీ తీసుకెళ్లొద్దు అంది. బాగా నీరసపడింది, వారం పది రోజులు గడిస్తే చెప్పగలను అంది.

ఒంటిని ఆపాను. పళ్లు ఆగలేదు.

20 మార్చి, మధ్యాహ్నం 2

ఫిబ్రవరి పందొమ్మిదిన ఈ పుస్తకంలో రాసింది అబద్ధం.

డైరెక్టర్ గారికి నేను ఫోన్ చేయలేదు. తిండి తగ్గించమని ఆయన అనలేదు. షూటింగు రోజు కారెక్కుతూ కుందేలు జాగ్రత్త కాశీ అన్నారు. అంతే. మిగతాదంతా నా బుర్రలో పుట్టింది. రాజ్యలక్ష్మికి ఆయన పేరు చెప్పాను. మంజుకి చెప్పాను. నీలమ్మకి చెప్పాను. చివరికి ఎవరూ చూడని ఈ డైరీకి కూడా అదే చెప్పాను. ఎవరి కోసం రాశాను?

నెల రోజులుగా మా ఇంట్లో ఆడవాళ్లు చలపతిరావు గారిని తిట్టిపోస్తున్నారు. నేను వింటూ కూర్చున్నాను. పైగా పోనీలే, ఆయన ఒత్తిళ్లు ఆయనవి అని ఒకసారి వెనకేసుకొచ్చాను కూడా.

మంజు దొంగతనంగా పెట్టిన నాలుగు కాడలే ఈ నెలలో దానికి దక్కిన అసలు తిండి. అందుకు నేను మంజు చెవి మెలిపెట్టాను.

24 మార్చి

నీలమ్మ గరిక తెస్తోంది. ఒక్కో పోచ అందిస్తే తీసుకుంటోంది. మెల్లగా. సగం కింద పడుతోంది. ఎడమ కన్ను కాస్త తగ్గింది అనిపించింది. రాజ్యలక్ష్మిని పిలిచి చూపించాను. తగ్గినట్టే ఉందండీ అంది. నా కోసం అందేమో.

టేపు బీరువా మీదికి విసిరేశాను.

28 మార్చి

షూటింగు. బూరెను తీసుకెళ్లాను.

డాక్టరు వద్దంది. తెలుసు. రాజ్యలక్ష్మి తలుపుకి అడ్డం నిలబడింది. ఒక్క షాటే, పది నిమిషాలు, డైరెక్టర్ గారు ఊరుకోరు అన్నాను. మళ్లీ ఆయన పేరే.

పది నిమిషాలని వెళ్లినవాణ్ణి నాలుగు గంటలు కూర్చున్నాను. వరండా నిండా లైట్లు. పెట్టె మీద నా చొక్కా కప్పి బనీనుతో నిలబడ్డాను. హీరోగారు వచ్చారు. పాప వచ్చింది. పాపకి ముందు పన్ను ఊడిపోయింది. గబగబా వెళ్లి డైరెక్టర్ గారి చెవిలో చెప్పాను. నోరు మూసుకుని నవ్వమనవయ్యా అన్నారు.

అప్పుడు పెట్టె తెరిచాను. బూరె వాలిపోయి ఉంది. కళ్ల నుంచి ధారగా కారుతోంది. చలపతిరావు గారు వంగి చూసి మొహం చిట్లించారు. ఇదేంటయ్యా, రోగిష్టి దాన్ని తెచ్చావు, పాప చేతికి ఇస్తే వాళ్లమ్మ గొడవ చేస్తుంది, తీసెయ్ అన్నారు.

వెంకటేశ్వరరావు వ్యాను నుంచి వెదురు బుట్ట దింపాడు. అందులో నాలుగు కుందేళ్లు. తెల్లవి, బలిసినవి. జంతువుల సీనంటే స్పేర్ లేకుండా ఎవడైనా వస్తాడా కాశీ అని నా భుజం తట్టాడు. మేకప్ నర్సింహ కనుబొమల పెన్సిలు తీసి ఒకదాని ఎడమ చెవి మీద మచ్చ దిద్దాడు. అర నిమిషం పట్టింది. జర మీ దాన్ని ఇటు వట్టుండ్రి సారూ, కలర్ జూస్కుంట అన్నాడు. బూరె చెవి పట్టుకుని చూపించాను. దిద్దిన మచ్చే నిజం మచ్చలా ఉంది.

ఆ బుట్టలోది పద్నాలుగు అంగుళాలు ఉంటుంది. తక్కువ ఉండదు. ఉండబట్టలేక సైజు తేడా వచ్చింది సార్ అన్నాను. ఆయన వ్యూఫైండర్ నుంచి కన్ను తీయకుండానే, జనం హీరో ఏడుపు చూస్తారయ్యా, కుందేల్ని ఎవడు చూస్తాడు అన్నారు. రెండో టేకు ఓకే.

నెలా పదిహేను రోజులు! ఒక్క మాట ముందే అడిగి ఉంటే సరిపోయేది. గడ్డి పెట్టమంటారా సార్, అని. అడగడానికి భయం. ఇంత చిన్న విషయం కూడా తెలియదా అంటారని భయం. నా భయానికి అది ఆకలితో ఉంది.

30 మార్చి

గరిక ముట్టలేదు. మంజు ముల్లంగి ఆకు పెట్టింది. వాసన చూసింది. తల పక్కన పెట్టుకుంది.

2 ఏప్రిల్

పొద్దున మంజు కన్నా ముందే లేచాను. మంచిదయింది.

3 ఏప్రిల్

నిన్న ఇంకేమీ రాయలేకపోయాను. నీలమ్మ పక్క ప్లాటులో గుంత తీయించింది. గరిక బాగా పెరిగిన చోట. నేను దాన్ని తువ్వాలులో చుట్టి పట్టుకున్నాను. తెచ్చిన రోజు కన్నా తేలిగ్గా ఉంది. నిజంగానా, నాకు అలా అనిపించిందా, తెలియదు. కొలవలేదు.

రాజ్యలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుని, ఆ డైరెక్టరు బాగుపడడు అంది. ఊకో అమ్మా, పని చేసేటోల్లు ఏం జేస్తరు, పెద్దోల్లు చెప్పినట్టు ఇనాలె కద, మీ సారు తప్పేముంది అంది నీలమ్మ.

అప్పుడు చెప్పాలి. నోరు తెరిచాను. మట్టి వేయండి అన్నాను.

4 ఏప్రిల్

ఉగాది. మంజు కొత్త గౌను వేసుకోలేదు.

11 మే

డబ్బింగు. సీన్ నలభై ఒకటి వచ్చినప్పుడు టీ తాగుతానని బయటికి వచ్చేశాను.

7 ఆగస్టు

ప్రివ్యూ. తప్పులేమీ దొరకలేదు. టైటిల్స్‌లో పేరు పడింది: కో-డైరెక్టర్ కాశీవిశ్వనాథం. చలపతిరావు గారు కళ్లు బీరువాలోంచి తెచ్చుకున్నావయ్యా అని వీపు తట్టారు. అందరూ నవ్వారు. నవ్వలేకపోయాను.

14 ఆగస్టు, శుక్రవారం. మ్యాట్నీ

సీన్ 41.

షాట్ 6, గేటు: బూరె. ఎనిమిదిన్నర అంగుళాలు. కళ్లు పొడి.

షాట్ 7, గుమ్మం: వేరే కుందేలు.

హాలు నిండా జనం. పట్టుకున్నది ఒక్కరే. మంజులత, మూడో తరగతి, నా పక్క సీటు. గేటు దగ్గర మన బూరే కదా నాన్నా, గుమ్మం దాకా ఎందుకు రాలేదు అని అడిగింది.

చెప్పాను. డైరెక్టర్ గారి పేరు ఎత్తలేదు.