వేళ్లకు కొబ్బరినూనె

బరంపురం

తమ్ముడు ఢిల్లీశ్వరరావుకి,

జర్మనీ నుంచి వచ్చి ఆరు రోజులైంది. నువ్వు చూడటానికి రాలేదు. ఎందుకో నిన్న తెలిసింది.

చీరల ప్రదర్శనలో పట్టు నేసి చూపించమని నన్ను పదిరోజులకు పిలిచినప్పుడు నువ్వేమన్నావు? “అక్కా, అక్కడ దిగ్గానే ఏలిముద్దర్లడుగుతారు. పట్టుదారం లాగి లాగి నీ ఏలిగీతలు అరిగిపోనాయి. ముద్దర పడకపోతే ఎనక్కి పంపేత్తారు. నా కొట్లో మిషనుంది, అలవాటు సేసుకుందువు గాని రా” అన్నావు.

నాలుగు ఆదివారాలు వేళ్లకు కొబ్బరినూనె రాసుకుని నీ సెల్‌ఫోన్ల కొట్టుకొచ్చాను. నొక్కమన్నన్నిసార్లు నొక్కాను. పచ్చదీపం వెలిగినప్పుడల్లా చిన్నపిల్లలా సంబరపడ్డాను.

అక్కడి విమానాశ్రయంలో ఒక్క నిమిషమే పట్టింది. నాలుగు వేళ్లు, ఒక ఫొటో, అంతే. అవెందుకో, మూడేళ్లకు ఎలా చెరిపేస్తారో గోడమీద రాసిపెట్టారు. నాతో వచ్చిన పద్మిని చదివి చెప్పింది.

నిన్న పోలీసులొచ్చారు. నా వేలిముద్రలతో ఆరు సిమ్ములు తీశారట, వాటితో ఎవరెవరినో మోసం చేశారట. “ఏ కొట్లో తీయించావు?” అని అడిగారు. రెండు రోజులు గడువడిగాను.

ముక్కూ మొహం తెలియనివాళ్లు నా ముద్రలు ఎన్నాళ్లు ఉంచుకుంటారో చెప్పి తీసుకున్నారు. నువ్వు నా చెయ్యి పట్టుకుని తీసుకున్నావు.

పోలీసులు రేపు మళ్లీ వస్తారు. వాళ్లను వెంటబెట్టుకుని నీ కొట్టుకొస్తాను. ఆ మిషను దాచకు. ఎలా నొక్కించావో నేనే నొక్కి చూపిస్తాను. నాకిప్పుడు బాగా అలవాటైంది.

నీ అక్క