జయంతి ఆంటీ షూ లేసు

మార్చి 16, ఆదివారం

స్ప్రింగ్ బ్రేక్ అయిపోయింది. నిన్న హార్స్‌షూ బెండ్ దగ్గర సరిగ్గా సూర్యాస్తమయం వేళకి నా కెమెరా బ్యాటరీ చచ్చింది. స్పేర్ బ్యాటరీ టెంపీలో, మా అపార్ట్‌మెంట్‌లో నా టేబుల్ మీద భద్రంగా ఉంది. నాకు బుద్ధి లేదు.

ఏడుపు మొహంతో నిలబడితే ఒక తెలుగు అంకుల్ తన ఫోన్ చేతికిచ్చి, తమ ఇద్దరికీ ఒక ఫోటో తీయమన్నారు. నలభయ్యో పెళ్లిరోజట. ఆంటీ గద్వాల చీర కట్టారు, కాళ్లకి తెల్ల స్పోర్ట్స్ షూస్. నేను ఫ్రేమ్ చూసుకుంటుండగా ఆవిడ లేసు ఊడింది. మోకాళ్ల నొప్పులట, వంగలేరు. అంకుల్ రాతి మీద మోకాలు మోపి కట్టడం మొదలెట్టారు. వెనక ఎర్రటి లోయ, కింద నది మలుపు, చివరి వెలుగు. టకటకా నొక్కేశాను.

ఈ రెండేళ్లలో నేను తీసిన బెస్ట్ ఫోటో అదే. అది వేరేవాళ్ల ఫోన్‌లో ఉంది! పేర్లు కూడా అడగలేదు.

ఏప్రిల్ 9, బుధవారం

యూనివర్సిటీలో ఇంటర్నేషనల్ స్టూడెంట్స్‌కి ట్రావెల్ ఫోటో కాంటెస్ట్. ఫస్ట్ ప్రైజ్ వస్తే ఫోటోగ్రఫీ క్లాస్ వాళ్లతో వారం రోజులు యెల్లోస్టోన్ తీసుకెళ్తారు. డేటా సైన్స్ చదివేదాన్ని నన్ను ఇంకెలాగూ పిలవరు. నాకు ఆ సీటు కావాలి. లాస్ట్ డేట్ సోమవారం. ఫోటోలో ఉన్నవాళ్ల సంతకాలు తప్పనిసరి.

నా ఫోటోలన్నీ తిరగేశాను. అన్నీ క్యాలెండర్ బొమ్మలే.

రూమ్మేట్ నిధి తెలుగు వాట్సాప్ గ్రూపులన్నిట్లో పెట్టింది. గద్వాల చీర, తెల్ల షూస్, హార్స్‌షూ బెండ్‌లో నలభయ్యో పెళ్లిరోజు, ఈ ఆంటీ ఎవరికైనా తెలుసా అని.

ఏప్రిల్ 10

దొరికారు! ఒక్క రోజు కూడా పట్టలేదు. ఫ్రీమాంట్‌లో ఎవరో చూసి బాతెల్‌లో ఉన్న వాళ్ల వదినకి పంపితే, ఆ చీర నేనే పెట్టానే అందట ఆవిడ. జయంతి గారు, కృష్ణమోహన్ గారు. ఉండేది చాండ్లర్‌లో. మా అపార్ట్‌మెంట్‌కి ఇరవై నిమిషాలు!

ఏప్రిల్ 11

ఫోన్ చేశాను. ఆంటీయే తీశారు. ఆ ఫోటోని తిరిగొచ్చే దారిలోనే డిలీట్ చేయించేశారట. నలుగురూ చూస్తే ఏమనుకుంటారమ్మా, మొగుడిచేత కాళ్లు పట్టించుకుంటోంది అనరూ, అన్నారు.

ఏడ్చాను. నిజంగానే.

ఏప్రిల్ 11, సాయంత్రం 6

అంకుల్ దగ్గర్నుంచి వాట్సాప్. డిలీట్ చేసినా ఫోన్‌లో ముప్పై రోజులు ఉంటుందని ఆంటీకి తెలీదట. ఒరిజినల్ పంపారు. ఆంటీకి మాత్రం చెప్పొద్దన్నారు.

ఆవిడ సంతకం నేను గీకేస్తాలే అంది నిధి. తిట్టాను. పది నిమిషాలు ఆలోచించాక తిట్టాను.

ఏప్రిల్ 13, ఆదివారం

దాచడం నా వల్ల కాదని పొద్దున్నే అంకుల్‌కి ఫోన్ చేసి చెప్పాను. ఆయన నిట్టూర్చి, సరే అయితే టిఫిన్‌కి వచ్చెయ్ అన్నారు.

ఆంటీ పెసరట్టు వేసి పెట్టి, ఫోటో సంగతి ఎత్తితే మాత్రం ఊరుకోనన్నారు. నేను పెసరట్టు పూర్తిచేసి లాప్‌టాప్ తెరిచాను. ఆంటీ అంకుల్ వైపు ఒక చూపు చూశారు. ఆయన చట్నీ తెస్తానని వంటింట్లోకి పారిపోయారు. చట్నీ టేబుల్ మీదే ఉంది.

ఆంటీ స్క్రీన్ వైపు తిరిగారు. అంకుల్ మొహం జూమ్ చేయమన్నారు. లేసు కడుతూ తనలో తను నవ్వుకుంటున్నారు ఆయన. ఆ రోజు ఎవరైనా చూస్తున్నారేమోనని చుట్టూ చూస్తూ ఉండిపోయానమ్మా, ఈయన్ని చూడనేలేదు, నవ్వుతున్నారే, అన్నారు ఆంటీ.

కళ్లు తుడుచుకుని పెన్ను అడిగారు. నాకూ ఏడుపొచ్చింది. ఈ వారం ఇది రెండోసారి. ఈసారి హాయిగా ఉంది.

ఏప్రిల్ 24

యెల్లోస్టోన్! యెల్లోస్టోన్! యెల్లోస్టోన్!

మే 2

లైబ్రరీ గోడ మీద పెద్ద ప్రింట్. ఆంటీ దాని పక్కనే నిలబడి, దారిన పోయే ప్రతివాళ్లనీ ఆపి, దట్స్ మై హస్బెండ్ అని చెబుతున్నారు.

అంకుల్ సిగ్గుతో కారు దిగనంటున్నారు.