ఆకు రాల్చిన ద్రాక్షతోట

ఆదివారం, మదనపల్లె

ఆస్ట్రేలియా పక్కనున్న టాస్మానియా దీవికి ఏ నెలలో పోవాలన్నది ఈ రోజు కూడా తేలలేదు. మార్చిలో అక్కడ ద్రాక్ష కోతలు, తోటల్లోనే వైన్ రుచి చూపిస్తారని మా ఆయన ఆశ. నేను జులై అన్నాను.

"జులైలో ఆడ సలికాలం. సముద్రం గాలికి వణికి సస్తాం. తీగలకు ఆకు కూడా ఉండదంట. ఏం సూసేదానికి పోవల్ల?" అని విసుక్కున్నాడు.

ఆకు లేని తీగను చూడడానికే అని చెప్పలేకపోయాను.

పుంగనూరులో నాయనకు ఎకరా ద్రాక్షతోట ఉండేది. మన ఎండలకు ఆ తీగ ఏడాదంతా పచ్చగానే ఉంటుంది. ఏడాదిలో రెండుసార్లు కొమ్మలు కటింగ్ చేస్తే రెండుసార్లూ చిగురేస్తుంది. కటింగ్ రోజు పొద్దున్నే, నన్ను బడికి లేపినట్టే, మొదటి తీగను మెల్లగా తట్టి "లెయ్యమ్మా" అనేవాడు.

"అది నిద్రపోతాందా నాయనా?" అని అడిగాను ఒకసారి.

"ఈడ దానికి నిద్ర యాడుండాదమ్మా? సలి దేశాల్లో అయితే ఆకంతా రాల్సి మూడు నెల్లు పండుకుంటాదంట. ఒక్కసారన్నా సూడల్ల."

చూడకుండానే పోయాడు. పోయే ముందు ఏడాదంతా ఆయనకూ నిద్ర లేదు. మంచం మీద కూర్చుని, గాలిలో ఏదో కత్తిరిస్తున్నట్టు వేళ్లు ఆడించేవాడు...

రేపు ఈయనకు అంతా చెప్పి జులైకి ఒప్పించాలి. అక్కడ తోటలో గట్టిగా మాట్లాడొద్దని కూడా చెప్పాలి.