చక్రంతో కొలిచిన నేల

డకోటా, అక్టోబరు 1884

ప్రియమైన హల్వోర్‌కి,

కలప అడవికి క్షేమంగా చేరావని నీ ఉత్తరం అందింది. ఆవు పాలు బాగానే ఇస్తోంది. పొయ్యిలోకి ఎండుగడ్డి మెలిపెట్టి మెలిపెట్టి నా చేతులు మొద్దుబారాయి. అదంతా తర్వాత రాస్తాను. ముందు ఇక్కడి సంగతి విను, నాకైతే తలా తోకా అర్థం కావడం లేదు.

మన తూర్పు పక్క ఖాళీగా ఉన్న నేల చెక్కకి ఒక మనిషి వచ్చాడు. పేరు వోయ్తా అట, బొహీమియా వాడు. మన నార్వే మాట అతనికి ఒక్కటీ రాదు. రోజూ గుమ్మం ముందు నిలబడి మన ఇంటి వైపు వేలు చూపిస్తాడు, తన గుండె మీద తట్టుకుంటాడు. తర్వాత మన పొలం చూపించి పొట్ట నిమురుకుంటాడు. ఆకలేమో పాపం అని రొట్టె, పుల్లపాలు పెట్టాను. శుభ్రంగా తిన్నాడు. మూతి తుడుచుకుని మళ్ళీ ఇంటి వైపే వేలు!

నిన్న ఏకంగా బావి దాటి, పాప సమాధి దాటి, మన ఇంటికి పడమరగా మేకులు పాతాడు. "ఏమయ్యా, నీకు మతి ఉండే పాతుతున్నావా? ఇది మా ఇల్లు!" అని అరిచాను. అతనూ ఏదో అరిచాడు. ఇద్దరం అరిచి అరిచి అలిసిపోయి కూర్చున్నాం.

ఐదేళ్ళు కాపురముండి సాగు చేస్తే గానీ సర్కారు నేల మన పేరున రాయదు కదా. మూడేళ్ళు గడిచాక ఇదేం గొడవ? కోప్పడకుండా చెప్పు, ఆ రోజు నువ్వు కొలిచింది సరిగ్గానేనా?

నీ మారిత్


విస్కాన్సిన్, నవంబరు

నా మారిత్‌కి,

ఎంత మాటన్నావే! సర్వేవాళ్ళు పాతిన మూలరాయి దగ్గరే మొదలుపెట్టానా లేదా? బండి చక్రం చుట్టూ తాడు పెట్టి కొలిచింది నేను. చక్రానికి గుడ్డ కట్టింది నువ్వు. ఆ గుడ్డ పైకొచ్చినప్పుడల్లా ఇద్దరం గట్టిగా లెక్కపెట్టుకుంటూ మన చెక్క మొదలయ్యే చోటు దాకా పడమరకి తోలాం. ఒక్క చుట్టు కూడా తప్పలేదు. తప్పిందేమో అని నువ్వే రెండుసార్లు గొడవపడి నాచేత వెనక్కి తోలించావు కూడా.

లెక్క రానిది ఆ వోయ్తాకి. రొట్టెలు పెట్టడం మానెయ్. చనువిస్తే చంకెక్కే రకంలా ఉన్నాడు. మేకులు పీకి పొయ్యిలో పెట్టు, వంటకైనా పనికొస్తాయి.

నీ హల్వోర్


డకోటా, డిసెంబరు

ప్రియమైన హల్వోర్‌కి,

నీ లెక్క తప్పలేదు. చక్రం తప్పింది.

నీ ఉత్తరం చదివి పాకలో బండి దగ్గరికి వెళ్ళాను. ఆ గుడ్డ పీలికలై ఇంకా వేలాడుతూనే ఉంది, ముందు చక్రానికి! పాప సిగ్రిడ్ నా ఒళ్ళో ఉంది కదా ఆ రోజు, వెనక్కి తిరిగి చూడలేనని ముందు చక్రానికి కట్టాను. నువ్వు తాడు పెట్టి కొలిచింది వెనక చక్రం. ముందు చక్రం చిన్నది, అన్నే చుట్లకి తక్కువ దూరం పోతుందని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే. ఇక్కడ గడ్డికేం తక్కువ? ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది, ఆ తర్వాత ఏది ఏదో తెలియలేదు.

మన చెక్క దాకా వెళ్ళకుండానే ఆగిపోయాం, హల్వోర్. ఇంటికి పడమరగా దున్నిన పొలం మనదే. కానీ ఇల్లు, బావి, సిగ్రిడ్ అన్నీ అతని చెక్కలో ఉన్నాయి.

దుకాణం ముసలాయనకు జర్మన్ వచ్చు, వోయ్తాకీ వచ్చు. ఇద్దరినీ కూర్చోబెట్టి అడిగించాను. ఆ పొట్ట నిమురుకోవడం ఆకలి కాదట, బేరమట! "మీ చెక్క నాకివ్వండి, నా చెక్క మీరు తీసుకోండి. నాకు దున్నిన పొలం, మీకు ఇల్లు" అంటాడు. లేదంటే మంచు కరిగేసరికి మనం ఇల్లు ఖాళీ చెయ్యాలి. మార్చుకుంటే పొలం పోతుంది, ఐదేళ్ళూ మళ్ళీ మొదటి నుంచి లెక్క.

నాకు మార్చుకోవాలనే ఉంది. ఎందుకో నీకు చెప్పనక్కర్లేదు.

నీ మారిత్


విస్కాన్సిన్, జనవరి

మారిత్‌కి,

తప్పు ఇద్దరిదీ, ఒప్పుకుంటున్నాను. మార్చుకోవడం మాత్రం కుదరదు. ఆ గడ్డివేళ్ళను చీల్చడానికి మూడు వేసవులు పట్టింది. నా కుడిభుజం ఇప్పటికీ పూర్తిగా పైకి లేవదు. మళ్ళీ అదంతా నా వల్ల కాదు. గడ్డిపెళ్ళల ఇల్లే కదా, నేనొచ్చాక నాగలితో పెళ్ళలు కోసి మన చెక్కలో ఇంకోటి కడదాం.

పాపని అక్కడే ఉండనీ. మనం పక్కనుంటేనే దేవుడు చూస్తాడా? నేను రాయిని కాను, మారిత్. కానీ తినాల్సింది బతికున్నవాళ్ళం.

హల్వోర్


డకోటా, ఫిబ్రవరి

ప్రియమైన హల్వోర్‌కి,

నువ్వు రాసిన ప్రతి మాటా సబబే. అయినా నా కాళ్ళు ఈ ఇల్లు దాటనంటున్నాయి.

మొన్న మంచు పడుతుంటే దుప్పటి తీసుకుని గబగబా బయటికి వెళ్ళాను. సగం దూరం పోయాక గానీ ఎక్కడికి పోతున్నానో తెలియలేదు. కప్పాలో, వెనక్కి రావాలో అర్థం కాక అక్కడే నిలబడ్డాను. నాకు మతి చలించిందేమో అనుకోకు. రొట్టెలు బాగానే కాలుతున్నాయి, ఆవుని బాగానే చూస్తున్నాను.

చెక్క దరఖాస్తు నీ పేరున ఉంది. నా సంతకం చెల్లదు. అతను దున్నుతాడేమో అక్కడ, హల్వోర్. దున్నకపోయినా, అతని తర్వాత వచ్చినవాడు దున్నుతాడు. నీ ఇష్టం.

మారిత్


సర్కారు భూముల కచేరీ ఉన్న ఊరి నుంచి, ఏప్రిల్

నా మారిత్‌కి,

వాగు పొంగి దారి మూసుకుంది. టపా గుర్రం ఎలాగో ఈదుతుందంటున్నారు గనక నాకన్నా ముందు ఈ ఉత్తరం నీకు చేరుతుంది.

మార్చిలో మా ముఠాలో ఒకడి మీద చెట్టు పడింది. దారి పక్కనే పాతిపెట్టాం. మర్నాడు మకాం మార్చాం. తిరిగొస్తూ నేను ఆ చోటు కోసం ఎంత వెతికానో! మంచు కింద ఏదీ గుర్తుపట్టలేకపోయాను. ఆ సాయంత్రమే దుకాణం ముసలాయనకి రాశాను, వోయ్తాని ఇక్కడికి పంపమని. నీకు చెప్పొద్దన్నాను. సంతకం పెట్టేదాకా నా మీద నాకే నమ్మకం లేదు.

గుమాస్తా నన్ను ఎగాదిగా చూశాడు. "దున్నిన పొలం వదిలి ఉత్త గడ్డినేల తీసుకుంటారా? ఎవరైనా మోసం చేస్తున్నారా మిమ్మల్ని?" అన్నాడు. లేదన్నాను. ఆ చెక్కలో ఎవరెవరు ఉంటారని అడిగాడు.

"నేను, మా ఆవిడ, మా పాప" అన్నాను.

"పాప వయసు?"

"రెండేళ్ళు."

"మళ్ళీ మొదటి నుంచీ ఐదేళ్ళండీ. పసిపిల్లతో ఆ మట్టింట్లో అంటే కష్టమే" అన్నాడు.

"మా పాప ఏమీ అల్లరి చెయ్యదు" అన్నాను.

ఆ తర్వాత కలం ఎదురుగానే ఉన్నా నాకు కనబడలేదు. వోయ్తా తీసి చేతిలో పెట్టాడు.

పొలం పోయింది, మారిత్. ఒళ్ళు మండిపోతోంది, ఎవరి మీదో తెలియడం లేదు. వాగు తగ్గగానే ఇద్దరం అతని బండిలోనే వస్తాం. అతనికీ కలిపి వండు.

నీ హల్వోర్